ఆయన్ని మానిపించమని పోలీసులు నాకే ఫోన్ చేస్తున్నారు, నేనేం చేయాలి?

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి అసలు విషయం చెబుతున్నాను.

ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్. భర్తకు డీటీపీ షాపు ఉంది, చాలా ఏళ్లుగా ఒక హక్కుల సంఘంలో పనిచేస్తున్నారు. ఆ మధ్య ఒక లాకప్ మరణం మీద నిజనిర్ధారణకు వెళ్లొచ్చి ప్రెస్‌మీట్ పెట్టారు. అప్పటి నుంచి ఊళ్లోకి ఏ మంత్రి వచ్చినా తెల్లవారుజామునే తలుపు కొట్టి, ముందస్తు అరెస్టు అని తీసుకెళ్లి సాయంత్రం వదిలేస్తున్నారు. ఈమధ్య ఒక ఇన్‌స్పెక్టర్ నేరుగా ఆమెకే ఫోన్ చేశాడు. వేరే జిల్లాలో నమోదైన ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో మీ ఆయన పేరు కూడా ఉందన్నాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు. "మేడమ్, మీరు చదువుకున్నవాళ్లు, మీరైనా చెప్పండి. సంఘానికి రాజీనామా చేసినట్టు పేపర్‌లో ప్రకటన ఇస్తే పేరు తీసేయిస్తాం" అన్నాడట. ఆ తర్వాత ఫోన్లలో అడిగే విషయం మారింది. ఇంటికి ఎవరు వస్తున్నారు, ఈయన ఏ ఊరు వెళ్తున్నాడు అని. భయపడి రెండుసార్లు చెప్పానని రాసింది. భర్తకు ఈ ఫోన్ల సంగతే తెలియదు.

ఇంకోవైపు ఇంటి ఓనర్ ఖాళీ చేయమంటున్నాడు. స్కూల్ కరెస్పాండెంట్ "మీ ఇంట్లో ఏదో గొడవంట కదా" అని అడిగాడు. కూతురు బీటెక్ ఆఖరి సంవత్సరం, ఎమ్మెస్‌కు బయటికి వెళ్లాలనుకుంటోంది, పాస్‌పోర్ట్ ఎంక్వైరీలో తండ్రి సంగతి వస్తుందేమోనని టెన్షన్. అత్తగారు "వాడు నీ మాటే వింటాడు, నువ్వే మానిపించు" అంటోంది, అమ్మ "బిడ్డను తీసుకుని వచ్చేయ్" అంటోంది. ఆయన్ని అడిగితే "ఏం కాదులే" అని పేపర్ చదువుకుంటాడట. ఆమె ప్రశ్న ఇది: "ఆయన తప్పు చేయలేదని నాకు తెలుసు. అయినా సంఘమా, మేమా తేల్చుకోమని అడిగేయాలనిపిస్తోంది. అడగమంటారా?"

అమ్మా, మీరు ఉత్తరం చివర్లో సిగ్గుపడుతూ రాసిన సంగతితోనే మొదలుపెడతాను. ఆ ఇన్‌స్పెక్టర్‌కు రెండుసార్లు చెప్పేశానన్నారు. అందుకు మిమ్మల్ని ఒక్క మాట అనడానికి నాకు మనసు రావడం లేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పోలీసు ఫోన్ చేసి, మర్యాదగా మేడమ్ అంటూ, మధ్యలో కూతురి చదువు గురించి అడిగితే ఎవరైనా నోరు జారతారు. వాళ్లు ఆ సంగతి తెలిసే ఆయనకు కాకుండా మీకు ఫోన్ చేశారు. కానీ ఈ విషయాన్ని మీరు దాచినంతకాలం అది వాళ్ల చేతిలో ఆయుధంగా ఉంటుంది. రేపు మీరు చెప్పనన్నప్పుడు "మీరు ఇంతకుముందు చెప్పిన సంగతి ఆయనకు తెలుసా" అని ఒక్క మాట అంటే చాలు, మీరు మళ్లీ లొంగిపోతారు. ఆయనకు మీ నోటితో మీరే చెప్పేస్తే అక్కడితో ఆ బెదిరింపు పనికిరాకుండా పోతుంది.

చెబితే గొడవ అవుతుంది, ఆయన కోప్పడతారు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. మీరు ఎవరి పేర్లు చెప్పారో వాళ్లకు ఆయన తెలియజేయాల్సి వస్తుంది, అందులో ఒకరిద్దరు మీ ఇంటికి రావడం మానేస్తారు. ఇవన్నీ జరుగుతాయి. అయినా ఆయనకు ఇది మీ దగ్గర కాకుండా స్టేషన్‌లో తెలిస్తే జరిగేదానితో పోలిస్తే ఇది తట్టుకోగలిగిన బాధే.

మీ భయం ఊరికే పుట్టింది కాదు, ఇది మీ ఆయన కూడా ఒప్పుకోవాలి. మన దగ్గర హక్కుల గురించి మాట్లాడినవాళ్లకు ఏం జరిగిందో మీ అమ్మగారి తరానికి బాగా గుర్తుంటుంది. వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథం గారిని 1985 సెప్టెంబర్ 3న, ఒక ఎస్సై అంతిమయాత్ర జరుగుతుండగా, ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991లో అదే వరంగల్‌లో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి గారిని, 2000 నవంబర్‌లో హైదరాబాద్‌లో పురుషోత్తం గారిని, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీ గారిని చంపేశారు. అందరూ పౌరహక్కుల సంఘం వాళ్లే. ఇప్పుడు చంపడం కన్నా కేసులు పెట్టడం ఎక్కువైంది, ఆ కేసులు ఎలా ఉంటాయో అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ సాయిబాబా గారి జీవితం చూస్తే తెలుస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2014 మేలో అరెస్టు చేశారు, 2017లో యావజ్జీవ శిక్ష వేశారు, 2022 అక్టోబర్‌లో హైకోర్టు వదిలేయమంటే మర్నాడే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది, చివరికి 2024 మార్చి 5న మళ్లీ నిర్దోషి అన్నారు. ఈ మధ్యలో కన్నతల్లి పోతే కడసారి చూపుకు కూడా పంపలేదు. బయటికొచ్చిన ఏడు నెలలకే హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. కాబట్టి "ఏం కాదులే" అనే మాట మీ ఆయన ఇకమీదట మీ దగ్గర అనకూడదు. ఊళ్లో అందరి హక్కుల గురించి గంటలు మాట్లాడే మనిషి, ఏదైనా జరిగితే భార్య ఏ లాయరుకు ఫోన్ చేయాలో కూడా ఇంట్లో చెప్పలేదంటే నాకు ఆయన మీద కోపమే వచ్చింది. మీరు అడగాల్సింది అడగండి.

ఇక అసలు ఆయన పేరు కేసులో ఉందా అన్నది తెలుసుకోవాలి. ఇప్పటిదాకా మీ దగ్గర ఉన్నది ఒక ఫోన్ మాట మాత్రమే. అది బెదిరింపు కావచ్చు, నిజం కూడా కావచ్చు. ములుగు జిల్లా తాడ్వాయి కేసు మీరు పేపర్‌లో చదివే ఉంటారు. 2022 ఆగస్టులో పెట్టిన ఆ ఉపా కేసులో 152 మంది పేర్లు పెట్టారు, హక్కుల ఉద్యమంలో ఉన్న ప్రొఫెసర్ హరగోపాల్ గారి పేరు కూడా అందులోనే ఉంది, దాదాపు పది నెలల దాకా చాలామందికి తాము నిందితులమనే తెలియదు. వేరే వ్యక్తి బెయిల్ విషయంలో అది బయటపడింది. అందులో అప్పటికే చనిపోయిన రిటైర్డ్ హైకోర్టు జడ్జి పేరు కూడా ఉంది! 2023 జూన్‌లో గొడవ పెద్దదయ్యాక హరగోపాల్ గారితో పాటు కొందరి పేర్లు తీసేస్తామన్నారు. గమనించండి, అక్కడ ఎవరూ రాజీనామా ప్రకటన ఇవ్వలేదు. నలుగురికీ తెలిసి, జనం అడిగారు కాబట్టి సర్కారు వెనక్కి తగ్గింది.

అందుకని మొదటి పనిగా ఒక క్రిమినల్ లాయర్‌ను కలవండి, ఉపా కేసులు చూసిన అనుభవం ఉన్నవాళ్లయితే మంచిది. మామూలు కేసుల ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి కానీ ఇలాంటివి సున్నితమైనవని చాలాసార్లు పెట్టరు, లాయరే అడిగి తెప్పించాలి. పేరు నిజంగా ఉంటే ఒక చిక్కు ఉంది, ఉపాలో ముందస్తు బెయిల్‌కు వీల్లేదు, హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయమనో, రక్షణ ఇమ్మనో అడగాలి. అరెస్టయితే ఛార్జిషీట్ వేయడానికి వాళ్లకు 180 రోజుల దాకా టైమ్ దొరకొచ్చు, ఆరోపణలు పైకి చూడటానికి నిజమనిపిస్తే చాలు బెయిల్ ఇవ్వకూడదని చట్టంలోనే రాసుంది. ఇవి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, తెలియకుండా నిర్ణయం తీసుకోకూడదని చెబుతున్నాను.

ఇప్పుడు రాజీనామా సంగతి. సంఘం వదిలేయడం పాపమేమీ కాదు. వయసు వల్ల, ఆరోగ్యం వల్ల, అభిప్రాయాలు మారడం వల్ల ఎంతోమంది వదిలేశారు. పౌరహక్కుల ఉద్యమ నాయకుడు బాలగోపాల్ గారే పౌరహక్కుల సంఘంతో విభేదించి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు, అది ఏళ్ల తరబడి జరిగిన చర్చ తర్వాత. మీ ఆయన కూడా మీ పరిస్థితి చూసి, కూతురి చదువు అయ్యేదాకా వెనక్కి ఉంటాను, బాధ్యతలు వేరేవాళ్లకు ఇస్తాను అనుకుంటే అది గౌరవంగా తీసుకోగలిగిన నిర్ణయమే, ఆయన్ని పిరికివాడని అనే హక్కు ఎవరికీ లేదు. దానివల్ల మీకు కొంత నెమ్మది దొరకొచ్చు. ఆయనకు మాత్రం లోపల ఏదో పోయినట్టు ఉంటుంది, ఆ వెలితి మీ ఇద్దరి మధ్యకు రావచ్చు, అదీ లెక్కలో వేసుకోండి.

కానీ ఇన్‌స్పెక్టర్ అడుగుతున్నది అది కాదు. ఆయన పేపర్ ప్రకటన అడుగుతున్నాడు. అలాంటి ప్రకటనలు మనం చూశాం కదా, "ఇన్నాళ్లూ ఫలానా నిషేధిత పార్టీకి అనుబంధంగా ఉన్న సంఘంలో పనిచేశాను, ఇకపై సంబంధం లేదు" అని ఉంటాయి. ఆ వాక్యంలో మొదటి సగమే ప్రమాదం. నిషేధిత సంస్థలో సభ్యుడిగా ఉండటమే నేరమని సుప్రీంకోర్టు 2023 మార్చిలో చెప్పింది, హింసకు పాల్పడకుండా ఒట్టి సభ్యత్వం ఉంటే నేరం కాదని అంతకుముందు 2011 నాటి తీర్పు ఇచ్చిన ఉపశమనాన్ని తీసేసింది. అంటే మీ ఆయన తనను కాపాడుకోవడానికి ఇచ్చిన కాగితాన్నే రేపు ఆయన మీద సాక్ష్యంగా చూపించొచ్చు. పైగా ఒకసారి కోర్టుకు చేరిన ఎఫ్ఐఆర్‌లోంచి పేరు తీసే అధికారం ఫోన్ చేసిన మనిషికి లేదు. దర్యాప్తు చేసే అధికారి ఛార్జిషీట్‌లో పేరు వదిలేయాలి, లేదా కోర్టు కొట్టేయాలి. కనుక వెనక్కి తగ్గాలని ఆయనే అనుకున్నా సంఘానికి ఒక మామూలు ఉత్తరం రాసి తగ్గవచ్చు. పత్రికలో ప్రకటన, పోలీసులు రాసిచ్చిన డ్రాఫ్ట్ మీద సంతకం, ఇవి మాత్రం లాయరు చూడకుండా వద్దు.

సంఘాల మీద నిషేధాల సంగతి కూడా ఒకసారి చూడండి. 2021 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం విప్లవ రచయితల సంఘం, పౌరహక్కుల సంఘంతో సహా 16 సంస్థలను నిషేధిస్తూ జీవో ఇచ్చింది, కొద్ది నెలలకే తనే వెనక్కి తీసుకుంది. మీ ఆయన సంఘం ఇవాళ ఏ జాబితాలోనైనా ఉందా లేదా అన్నది లాయర్‌ను అడిగి తేల్చుకోండి. ఇన్‌స్పెక్టర్ నోటిమాటతో ఒక సంస్థ నిషేధితం అయిపోదు.

ఆయన కొనసాగుతానంటే? ఆ దారి కూడా మీకు ఉంది, కానీ అది మీకు చెప్పకుండా, మీమీద వేసి నడిచే దారి కాకూడదు. ఇద్దరూ కూర్చుని కొన్ని పనులు తేల్చుకోవాలి. లాయరు నంబరు ఇంట్లో ఇద్దరికీ, పాపకు కూడా తెలిసి ఉండాలి. వకాలత్ (మన తరఫున వాదించమని లాయరుకు ఇచ్చే పత్రం) మీద ఆయన ముందే సంతకం చేసి ఉంచాలి. ఇంటి అద్దె, పాప ఫీజు, బ్యాంకు ఖాతా మీ పేరు మీద నడిచేలా చూసుకోండి, ఎందుకంటే షాపు మూతపడితే మొదటి నెలలోనే తెలుస్తుంది ఎంత కష్టమో. ఆయన మందుల చీటీలు ఒక ఫైల్‌లో పెట్టండి, జైల్లో మందులు అందడానికి కోర్టుకు చూపించాల్సింది అవే.

సోదాకు వస్తే అడ్డం పడొద్దు. వారంట్ చూపించమని అడగండి, కొత్త క్రిమినల్ చట్టం (బీఎన్ఎస్ఎస్) ప్రకారం సోదా అంతా వీడియో తీయాలి, ఆ మాట గుర్తుచేయండి, పట్టుకెళ్లిన ప్రతి వస్తువూ పంచనామాలో రాయించి కాపీ తీసుకోండి. ముఖ్యంగా ఫోన్, ల్యాప్‌టాప్ తీసుకుంటే అక్కడికక్కడే సీల్ వేసి హ్యాష్ వాల్యూ (తర్వాత లోపలి ఫైళ్లు మారిస్తే పట్టిచ్చే అంకెల గుర్తు) రాసివ్వమనండి. ఇదెందుకంటే మహారాష్ట్రలో జరిగిన అల్లర్ల తర్వాత రచయితలు, హక్కుల కార్యకర్తల మీద పెట్టిన భీమా కోరేగావ్ కేసులో నిందితుల్లో ఒకరి ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఫైళ్లు చొప్పించారని 2021లో అమెరికాలోని ఒక ఫోరెన్సిక్ సంస్థ తేల్చింది. అదే కేసులో 2018 ఆగస్టు 28న విప్లవ కవి వరవరరావు గారి ఇంటితో పాటు ఆయన అల్లుడు, ఇఫ్లూ (హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ప్రొఫెసర్ సత్యనారాయణ గారి ఇంట్లో కూడా సోదా చేసి, ఇన్ని పుస్తకాలెందుకు చదువుతావు, గోడ మీద దేవుళ్ల ఫొటోలు లేకుండా ఫూలే, అంబేద్కర్ ఫొటోలెందుకు అని అడిగారు. మీ ఇంట్లో ఉన్న పుస్తకాలు చూసి మీరు వణికిపోవద్దు. ఒట్టి సాహిత్యం దగ్గర ఉన్నంత మాత్రాన నేరం కాదని 2023 జులైలో అదే కేసులోని వెర్నన్ గొన్సాల్వెస్‌కు బెయిల్ ఇస్తూ సుప్రీంకోర్టు అంది. ఆ మాట వినడానికి ఆయన సుమారు ఐదేళ్లు జైల్లో ఉండాల్సి వచ్చిందన్నదీ నిజమే.

అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. 2024 మేలో న్యూస్‌క్లిక్ అనే వార్తా వెబ్‌సైట్ వ్యవస్థాపకుడు ప్రబీర్ పురకాయస్థ ఉపా కేసులో, కాగితం మీద కారణాలు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో సుప్రీంకోర్టు అరెస్టే చెల్లదంది. ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఈ రెండూ మీరు గుర్తుంచుకుంటే చాలు, మిగతాది లాయరు చూస్తారు.

మీకు వచ్చే ఫోన్ల గురించి. ఈసారి ఫోన్ వస్తే వాదించొద్దు, అబద్ధమూ చెప్పొద్దు. "సార్, ఏదైనా అడగాలంటే నోటీసు ఇవ్వండి, మా లాయరుతో మాట్లాడి జవాబు ఇస్తాను" అని పెట్టేయండి. తేదీ, టైమ్, నంబరు, ఏమన్నాడో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సాక్షిగా ప్రశ్నించాలన్నా మీరు మహిళ కాబట్టి స్టేషన్‌కు రమ్మనే వీల్లేదు, వాళ్లే మీ ఇంటికి రావాలి, పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద మీరు సంతకం చేయనక్కర్లేదు. ఉపా కింద సమాచారం ఇమ్మని అడిగే అధికారం దర్యాప్తు అధికారికి ఉంది, అయితే దానికి ఎస్పీ స్థాయి అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. అలాంటి నోటీసు నిజంగా వస్తే మాత్రం పక్కన పడేయొద్దు, అదే రోజు లాయరుకు చూపించండి. ఇంకా ఒత్తిడి పెరిగితే మీరే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు పంపొచ్చు, హక్కుల కార్యకర్తల కోసం అక్కడ ప్రత్యేక విభాగం ఉంది, ఏడాదిలోపు జరిగిన సంఘటన అయి ఉండాలి. కమిషన్ పెద్దగా ఏం చేస్తుందని మీ ఆయన నవ్వొచ్చు. ఆ రసీదు రేపు హైకోర్టులో రిట్ వేసేటప్పుడు మీరు ముందే చెప్పారనడానికి ఆధారం. ఫిర్యాదు చేస్తే ఆ ఇన్‌స్పెక్టర్‌కు కోపం రావచ్చు, కొన్నాళ్లు వేధింపు పెరగొచ్చు, అందుకే ఒంటరిగా కాకుండా లాయరు ద్వారా, సంఘం వాళ్లకు తెలిసేలా చేయండి. తెల్లవారుజామున తలుపు కొట్టే సంగతి కూడా అందులో రాయండి. నిఘా పేరుతో రాత్రిళ్లు ఇళ్లకు వెళ్లడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది.

అమ్మ దగ్గరికి వెళ్లిపోవడం గురించి. వెళ్లాలనిపిస్తే వెళ్లండి. కొన్ని వారాలు నిద్రపట్టే చోట ఉండటం ఆయన్ని వదిలేయడం కాదు. కానీ కేసు వస్తుందని చెప్పిన మర్నాడే వెళ్తే ఊళ్లో దానికి వేరే అర్థం చెబుతారు, పోలీసులూ "భార్యే వదిలేసింది" అని వాడుకుంటారు, అందుకని ఆయనకు చెప్పి, వచ్చే తేదీ అనుకుని వెళ్లండి. పాప పరీక్షలు ఉన్న నెలలో ఇద్దరినీ అక్కడ ఉంచడం మంచి ఆలోచనే అనిపిస్తోంది నాకు.

సంఘమా, మేమా అని అడగాలా? అడగొచ్చు, అది మీ జీవితం, మీకు ఆ హక్కుంది. ఒక్కటి చూసుకోండి. ఇవాళ మీరు ఆ ప్రశ్న అడిగితే అందులో సగం మాటలు ఇన్‌స్పెక్టర్‌వి, పావు వంతు అత్తగారివి, మీవి ఎన్నో మీకే తెలియదు. ముందు ఫోన్ల సంగతి చెప్పేయండి, కేసు ఉందో లేదో తేలనివ్వండి. అప్పుడు కూడా మీకు ఈ బతుకు వద్దనిపిస్తే "నాకు భయంగా ఉంది, నేను ఇంత వరకే మోయగలను" అని మీ మాటగా చెప్పండి. ఆ మాటకు ఆయన జవాబు చెప్పి తీరాలి. ఇన్నేళ్లు ఇంటి భారం మీరు మోశారు కాబట్టే ఆయన బయట తిరగగలిగారు, ఆయనకు అది తెలియకపోతే ఎవరో ఒకరు చెప్పాలి, ఈ జవాబు ఆయనకు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

ఇంటి ఓనర్‌తో గొడవ పెట్టుకోకండి, అగ్రిమెంట్ ప్రకారం నోటీసు గడువు అడగండి, ఈలోపు సంఘం మిత్రులను ఇల్లు చూడమనండి. ఇలాంటప్పుడే కదా వాళ్లు పనికి రావాల్సింది. కరెస్పాండెంట్‌కు వివరాలు చెప్పాల్సిన అవసరం లేదు, మీ మీద కేసు లేదని ఒక్క మాట చెప్పి పాఠాలు చెప్పుకోండి.

పాప పాస్‌పోర్ట్ విషయంలో మీరు అనుకున్నంత ప్రమాదం లేదు. చట్టం చూసేది దరఖాస్తు చేసిన మనిషి మీద కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తోందా అని, తండ్రి మీద ఉందా అని కాదు. ఎంక్వైరీకి వచ్చినవాళ్లు ఆలస్యం చేయొచ్చు, అందుకే అడ్మిషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అప్లై చేయించండి. రిపోర్ట్ వ్యతిరేకంగా రాస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, దాని మీద హైకోర్టుకు వెళ్లొచ్చు. పాపకు ఇంట్లో జరుగుతున్నది చెప్పండి. ఇరవై దాటిన పిల్ల, తెల్లవారుజామున తలుపు చప్పుడు ఆమె కూడా వింటోంది, ఆ ఇన్‌స్పెక్టర్ రేపు ఆమె నంబరుకు ఫోన్ చేస్తే ఏమనాలో మీరు ముందే నేర్పించి ఉండాలి.